డ్యూటీ మీద వెళ్ళిన నక్క

రిమోట్‌ను పిండి డబ్బాలో దాచాలన్న ఆలోచన నాదే. ఎవరిమీదా నెట్టను. ఇంత వయసొచ్చిన మనిషిని, టీవీ రిమోట్ కొంగులో చుట్టుకుని సొంత వంటింట్లోనే పిల్లిలా నడుస్తున్నానంటే దానికి కారణం ఒక నక్క. కాస్త కుదురుగా కూర్చోండి, చెబుతాను.

నిజం నక్క కాదు, బొమ్మ నక్క. జపాను వాళ్ళు గీసిన కార్టూన్‌లోది. కార్టూన్ అంటే మా అమ్మాయికి కోపం. "కార్టూన్ కాదమ్మా, యానిమే" అంటుంది. ఏ పేరు పెట్టినా నక్క నక్కే. నోట్లో లాంతరు పట్టుకుని, తప్పిపోయిన ఒక చిన్నపిల్లకు దారి చూపిస్తూ పన్నెండు క్యాసెట్ల పొడుగునా నడుస్తుంది. అందుకే దాని పేరు లాంతరు నక్క.

మా ఆయన పోయిన ఏడాది నేను ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరాను. అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. బడి వదలగానే వచ్చి, వెనక గదిలో ఉతికిన దుప్పట్ల మూటల మీద కూర్చునేది. ఆ గదిలో ఓనరుగారి పాత టీవీ, క్యాసెట్లు ఆడించే పెట్టె ఉండేవి. ఎవరో కస్టమరు చొక్కాల సంచీతో పాటు వదిలేసి పోయిన క్యాసెట్లు పన్నెండు. మాటలన్నీ జపాను భాషలో. అడుగున మాత్రం మన అక్షరాలు.

చిక్కేమిటంటే, ఆ అక్షరాలు పిల్లకూ రావు, నాకూ రావు.

"అమ్మా, నక్క ఏమంటోంది?" అని అడిగింది. నా చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె, ఎదురుగా నలభై చొక్కాలు. నాకు తెలియదు అని ఉంటే అక్కడితో పోయేది. "అమ్మ పని చేసుకుంటుంటే విసిగించొద్దంటోంది" అన్నాను.

నక్క అంత మంచి మాట అన్నాక ఇక ఆపడం నావల్ల కాలేదు.

రోజుకో క్యాసెట్టు, పన్నెండూ అయిపోతే మళ్ళీ మొదటినుంచి, అలా ఏళ్ళ తరబడి. మాటలన్నీ నావే. నక్క ఆ పిల్లకు మేనత్త అయింది. ముందు నడుస్తూ, ప్రతి పది అడుగులకీ వెనక్కి తిరిగి మొహం చిట్లించేది మరి, ఇంకెవరవుతారు? నల్ల కోటు వేసుకుని మబ్బుల మీద తిరిగే పొడుగాటి మనిషి ఒకడుండేవాడు. దుర్మార్గుడని చూస్తేనే తెలుస్తుంది. పిల్ల జడుసుకుంటుందని, వాడూ లాండ్రీ మనిషేనని చెప్పాను. ఆ కోటు కస్టమరుది, టోకెను పోయింది, సొంతదారు కోసం ఊరూరా తిరుగుతున్నాడు. వాడు పెద్దగా అరిచి కొండను రెండు ముక్కలు చేసినప్పుడు, "పాపం, అక్కడ కూడా లేదట" అన్నాను.

పన్నెండో క్యాసెట్టు దగ్గర ఇరుక్కున్నాను. నక్క మంచులో పడిపోతుంది. కళ్ళు మూస్తుంది. లాంతరు ఆరిపోతుంది. పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. అది తెలియడానికి అక్షరాలు రానక్కర్లేదు. కానీ ఆ ఏడాది ఆ మాట మా అమ్మాయికి ఒకసారి చెప్పి ఉన్నాను. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు.

"అత్తకు డ్యూటీ పడింది. వేరే ఊరు పోవాలి. కాసేపు పడుకుని లేచి బయలుదేరుతుంది" అన్నాను.

"మళ్ళీ వస్తుందా?"

"డ్యూటీ అయిపోగానే."

అప్పటినుంచి మా అమ్మాయి ఆ మాట వదల్లేదు. ఏడాదికొకసారైనా, "అత్త డ్యూటీ ఇంకా అయినట్టు లేదమ్మా" అంటుంది. "గవర్నమెంటు డ్యూటీ, అంత తొందరగా ఎక్కడవుతుంది" అంటాను. ఇప్పుడు మా అమ్మాయి పళ్ళ ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. ఎవరినీ మొహం చూసి గుర్తుపట్టదు, పళ్ళు చూసి గుర్తుపడుతుంది. అల్లుణ్ని మొదటిసారి చూసి వచ్చినప్పుడు "ఎలా ఉన్నాడే" అంటే, "కింది వరస చక్కగా ఉందమ్మా" అంది. అంత పనిమంతురాలు, నక్క దగ్గర మాత్రం ఐదేళ్ళ పిల్లే. తాళాల గుత్తికీ నక్కే, టీ కప్పు మీదా నక్కే.

ఇరవై నాలుగేళ్ళ తరవాత ఆ జపాను వాళ్ళు రెండో భాగం తీశారు. వార్త మోసుకొచ్చింది మా అల్లుడు. లిఫ్టు మెకానిక్కు, మంచివాడు, అదే అతనితో వచ్చే కష్టం.

"ఆదివారం పొద్దున పదింటికి టీవీలో వస్తోంది. పాతవాళ్ళే గీశారట. కింద మన అక్షరాలు కూడా వేస్తారట. అందరం కలిసి చూద్దాం" అన్నాడు.

అమ్మాయి మొహం పాలిపోయింది. సంతోషం పట్టలేకపోయిందనుకున్నాను. నా మొహం ఏ రంగులో ఉందో నేను చూసుకోలేదు.

రెండో భాగమంటే మొదటి భాగంలో ఏమైందో చెప్పి తీరుతారు కదా. నక్క చచ్చిపోయిందని తెలుస్తుంది. అమ్మ చెప్పింది అబద్ధమని తెలుస్తుంది. ఒక్క నక్కతో పోతే బాధ లేదు. వాళ్ళ నాన్న చివరిదాకా కూతురి పేరే తలిచాడని దానికి చెప్పాను. అది నిజం. ఇప్పుడు అది కూడా నక్క డ్యూటీలాంటిదే అనుకుంటే నేనేం చేయను?

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాల మాటలు వంటింట్లోకి వినబడుతున్నాయి.

"ఏమండీ, ఆదివారం మీకు పనేమీ లేదా?"

"లేదు."

"ఊళ్ళో ఒక్క లిఫ్టు కూడా చెడిపోలేదా?"

"నేను బాగుచేసింది చెడిపోదు."

"మరి మన పడగ్గది తలుపు ఆర్నెల్లుగా మూసుకోదేం?"

"అది పైకీ కిందికీ పోదుగా. పక్కలకు పోయేవి నా డిపార్టుమెంటు కాదు."

అమ్మాయి కూడా ఆదివారం గొడవ ఎలా తప్పించాలా అని చూస్తోందే అని నాకు తట్టాల్సింది. తట్టలేదు. నా కుట్రలో నేనున్నాను.

శనివారం అల్లుణ్ని బాల్కనీలోకి పిలిచి సంగతంతా చెప్పేశాను. "రేపు పదింటికి కరెంటు పోవాలి బాబూ. గంట చాలు. తరవాత సంగతి తరవాత చూసుకుందాం" అన్నాను.

అతను నావైపు అదోలా చూశాడు. "మీరు కూడానా అత్తయ్యా" అన్నాడు.

"కూడా అంటే?"

"అంటే... మీరేనా అని" అన్నాడు. అబద్ధమాడేటప్పుడు మా అల్లుడికి చెవులు ఎర్రబడతాయి. ఆ వేళ దీపాల్లా వెలిగాయి. ఎండ అనుకున్నాను.

కరెంటు ఒక్కదాన్నే నమ్ముకోవడమెందుకని రిమోట్ కూడా తీసి పిండి డబ్బాలో పెట్టాను. చేతికి తేలిగ్గా తగిలింది. వెనక మూత తీస్తే బ్యాటరీలు లేవు. గోడ గడియారానికి వేసుకున్నారేమో అనుకున్నాను. గోడ గడియారం ఆగి అప్పటికి వారమైంది. మీరు నవ్వండి, పరవాలేదు.

ఆదివారం వచ్చింది. మాది నాలుగో అంతస్తు. కింద రెండో అంతస్తులో ఉండే రిటైరైన హెడ్మాస్టరమ్మ కూడా చూస్తానని కబురు పంపింది. మూడేళ్ళ కిందట నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. తెరమీద మాటలు పరుగెత్తుతుంటే నేను అందుకోగలనో లేదో పరీక్ష చేస్తుందట.

పదింటికి ఐదు నిమిషాలుందనగా అల్లుడు "ఇప్పుడే వస్తా" అని కిందికి దిగాడు. నేను, అమ్మాయి సోఫాలో పక్కపక్కన కూర్చున్నాం. అది గోళ్ళు కొరుకుతోంది. నేను ఫ్యాను వైపు చూస్తున్నాను. పదైంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చూస్తే అదీ ఫ్యాను వైపే చూస్తోంది.

అప్పుడు లిఫ్టులోంచి కేక వినబడింది.

"ఎవరు ఆపారు దీన్ని? ఆపినవాళ్ళు చెయ్యెత్తండి."

హెడ్మాస్టరమ్మ. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య.

జరిగింది ఇదీ. అల్లుడు మెయిన్ బోర్డు ముందు నిలబడ్డాడు. మా ఇంటి ఫ్యూజు పీకాలి. కానీ పదిహేనేళ్ళ అలవాటు. బోర్డు కనబడితే ఆ చెయ్యి దానంతటది లిఫ్టు స్విచ్చు మీదికే పోతుంది. పోయింది. కేక విని కంగారుపడి నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. వచ్చాక స్విచ్చు కిందే ఉందని గుర్తొచ్చి మళ్ళీ దిగాడు. ఈ లోపల లిఫ్టులోంచి, "చెయ్యి కనబడటం లేదు, ఇంకా పైకెత్తండి" అని వినబడుతూనే ఉంది.

చివరికి ఆవిడ బయటపడి, జుట్టు సర్దుకుని, మా ఇంట్లో మంచి కుర్చీ చూసుకుని కూర్చుంది.

"రిమోట్ ఏది?"

"కనబడటం లేదు" అన్నాం నేనూ అమ్మాయీ ఒక్క గొంతుతో.

మెట్లెక్కీ దిగీ అల్లుడికి ఊపిరి ఆడటం లేదు. హెడ్మాస్టరమ్మ అతనివైపు తిరిగింది. "నీకు తెలుసు. చెవులు చెబుతున్నాయి."

"రిమోట్ అత్తయ్య పిండి డబ్బాలో పెడుతుంటే చూశానండీ. బ్యాటరీలు మా ఆవిడ పౌడరు డబ్బాలో" అన్నాడు, మూడో తరగతి పిల్లాడిలా.

"నీకు బుద్ధుందా బాబూ" అన్నాను నేను.

"మీకు బుద్ధుందా అండీ" అంది అమ్మాయి.

"నాదేం తప్పు? ఇద్దరూ కరెంటు తీయమన్నారు, తీయబోయాను. అత్త చచ్చిపోయిందని నీకు తెలియకూడదని అత్తయ్య. అత్తయ్యకు తెలియకూడదని నువ్వు. ఇంతకీ బతికున్న అత్తయ్య ఎవరో, పోయిన అత్త ఎవరో నాకు రాత్రంతా నిద్ర లేదు."

అమ్మాయి వైపు తిరిగాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"మూడో తరగతిలోనే తెలుసమ్మా. అప్పటికి చదవడం వచ్చేసిందిగా. నువ్వు చెబుతుంటే వింటూనే కింద చదివేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు కథ మానేస్తావు కదా. పైగా నీకు చదవడం రాదు. నక్క నిజంగానే డ్యూటీకి వెళ్ళిందని నువ్వు నమ్ముతున్నావేమో అనుకున్నాను. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళే. నీకెందుకు చెప్పడం అని ఊరుకున్నాను. ఇప్పుడు నీకు చదవడం వచ్చేసింది. ఇవాళ చదివేస్తావని భయం."

ఇరవై నాలుగేళ్ళుగా నేను దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. నన్ను అది కాపాడుతోందట. అది కూడా నాకంటే నీటుగా.

"మీ నాన్న మాట..." అని మొదలుపెట్టాను.

"అది నిజమేనని నాకు తెలుసమ్మా. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ఇస్త్రీ చేస్తూ చెప్పేదానివి. అది చెప్పిన రోజు పెట్టె పక్కన పెట్టావు."

గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయింది. దిగాక తెలిసింది ఎంత బరువో.

"ఏడుపులు తరవాత" అంది హెడ్మాస్టరమ్మ. "రిమోట్ పిండిలో ఉంటే టీవీకి బొత్తాం లేదా?" లేచి వెళ్ళి తానే నొక్కింది.

చూశాం. మంచులో ఒక రాయి, దాని పక్కన ఆరిన లాంతరు. పిల్ల పెద్దదై వచ్చి ఆ లాంతరు వెలిగిస్తుంది. నక్క రాదు. కానీ తప్పిపోయిన ఇంకో పిల్లవాడికి ఈ పిల్ల దారి చూపిస్తుంది, ముందు నడుస్తూ, ప్రతి పది అడుగులకీ వెనక్కి తిరిగి మొహం చిట్లిస్తూ. నేను అడుగున అక్షరాలు నాలుగింటికి మూడు అందుకున్నాను. హెడ్మాస్టరమ్మ వేళ్ళమీద లెక్కపెడుతూనే ఉంది.

అయిపోయాక అందరం అమ్మాయి వైపు చూశాం. దాని మాటే ఆఖరి మాట కదా.

"పాడు చేయలేదు" అంది ఊపిరి వదిలి. "చెడగొడతారేమోనని ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నా. బొమ్మలు బాగున్నాయి. నక్కను బలవంతంగా బతికించలేదు, అది ఇంకా బాగుంది. పదికి ఏడు."

"మూడు ఎందుకు తగ్గించావు?" అన్నాడు అల్లుడు.

"నల్ల కోటాయన టోకెను సంగతి వీళ్ళకి తెలియనే తెలియదు."

అని లేచి, స్నానాల గదిలోంచి పెద్ద తువ్వాలు తెచ్చి టీవీ అడుగున అక్షరాలు కనబడకుండా కట్టింది. అప్పటికి ఛానెల్ వాళ్ళు అదే మళ్ళీ మొదటినుంచి వేస్తున్నారు, సౌండు తీసేసింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

"నేను నేర్పిన చదువు మీద తువ్వాలు కప్పుతారా" అంది హెడ్మాస్టరమ్మ. కానీ లేవలేదు.

నోరు తెరిచాను. ఇందాక చదివిన మాటలే నాలుక మీదికి వస్తున్నాయి. చదువు వచ్చాక అబద్ధం ఎంత కష్టమైపోయిందో. అమ్మాయి నా వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ఇస్త్రీపెట్టె, అల్లుడి చొక్కాలు తెచ్చి ముందు పెట్టింది.

పెట్టె వేడెక్కింది. మొదటి చొక్కా పరిచాను.

"అమ్మా, అత్త డ్యూటీ అయిందా?"

"ఎక్కడే, పొడిగించారు" అన్నాను. "కానీ ఉత్తరం రాసింది. అదిగో, ఆ లాంతరులో పెట్టి పంపింది."

"ఏం రాసింది అత్తయ్యా?" అన్నాడు అల్లుడు ముందుకు వంగి.

"ఉండవయ్యా" అంది హెడ్మాస్టరమ్మ, కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుంటూ. "ముందు దస్తూరి ఎలా ఉందో చెప్పనీ."