గుమ్మంలో గాస్కెట్

శనివారం ఉదయానికి శ్యాంసుందర్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదిన్నరకు కాఫీ, తొమ్మిదికి రైలు, పదింటికి స్పేర్ పార్టుల కొట్టు. పాత హెడ్ గాస్కెట్ చూపించి, అచ్చం అలాంటిదే కొని, సింగపూరు పడమటి చివర బూన్ లేలో ఉండే మెకానిక్ వీరాస్వామి చేతికివ్వాలి. కొట్టు ఒంటిగంటకు మూసేస్తే మళ్ళీ సోమవారమే.

అప్పటిదాకా ఆగితే పరువు పోతుంది. వై2కె గండం గడిచాక అతని కంపెనీలో జనం ఎనభైకి పెరిగారు. సోమవారం నుంచి వాళ్ళకు తమ పై అంతస్తులో ఉండే మజీద్ వండే బిర్యానీ అతని వ్యానులో వస్తుందని మేనేజరుకు మాటిచ్చింది ఇతనే. ఆ డీజిల్ వ్యాను ఇంజను ఇప్పుడు విప్పి ఉంది.

గాస్కెట్ అంటే ఇంజను బ్లాకుకూ పైనుండే హెడ్డుకూ నడుమ బిగించే రేకు. మూరెడు పొడవు, నాలుగు పెద్ద గుండ్రాలు, చుట్టూ చిల్లులు. ఆ ఇంజనుకు మూడు మందాల్లో దొరుకుతుంది. ఒక మూలన చుక్కల్లా ఉండే చిల్లులు ఒకటా, రెండా, మూడా అన్నదే గుర్తు; చుక్కలు పెరిగితే మందం పెరిగినట్టు. మరీ పల్చనిదైతే పిస్టన్ వెళ్ళి పైన గుద్దుకుంటుంది. మరీ మందమైతే బండి పొగ కక్కుతూ మొరాయిస్తుంది. ఎంత మందం కావాలో కొలిచే గేజి వర్క్‌షాపు యజమానితో పాటు మలేషియాలోని జోహోర్ వెళ్ళింది కాబట్టి పాతదే ఆధారం. శ్యాంసుందర్ దాన్ని మరిచిపోకుండా ముందురోజు సాయంత్రమే గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద పెట్టాడు. చుక్కలు లెక్కపెట్టలేదు. వస్తువే చేతిలో ఉంటే లెక్కెందుకు?

పొద్దున్నే అతని తల్లి అప్పలమ్మ తలుపు తీసింది. శ్రీకాకుళం నుంచి వచ్చి పదిరోజులైంది. చేతులు వణికి ముగ్గు కుదరడం లేదని ఆవిడ అంటే, ముగ్గు అచ్చు కొనిపెడతానని కోడలు రజిత నిన్ననే మాటిచ్చింది. స్టాండు మీద చిల్లుల రేకు చూడగానే ఆవిడకు కోడలి మీద గురి కుదిరింది. బియ్యప్పిండితో వాకిట్లో నాలుగు అచ్చులు వేసి, రేకు దులిపి గోడకు ఆనించి, స్నానానికి వెళ్ళింది.

తర్వాత రజిత వచ్చింది. ముగ్గు ఈరోజు బాగా కుదిరిందనుకుంది. జిడ్డు పట్టిన నల్లరేకు చూసి మాత్రం నిట్టూర్చింది. కింద ఎవరెవరో వదిలేసిన సామాన్లు "ఎంత మంచివో" అంటూ పైకి తేవడం అత్తగారికి అలవాటు. ఇప్పటికే ఒక గోడగడియారం, మూడుకాళ్ళ స్టూలు వచ్చి చేరాయి. ఆవిడతో వాదించడం కన్నా, ఆవిడ స్నానం ముగిసేలోగా వంటింట్లో చెత్త కిందికి జారే గొట్టం మూత తీయడం తేలిక. రేకు అందులో పట్టలేదు. రజిత ఏ పనీ సగంలో వదలదు. మోకాలికి ఆనించి రెండుగా మడిచి మరీ వేసింది. పదకొండు అంతస్తుల పొడవునా అది దిగిన చప్పుడు వినిపించింది.

కాఫీ తాగి బయటికొచ్చిన శ్యాంసుందర్ స్టాండు కింద వెతికాడు, బూట్లలో కూడా చూశాడు.

"ఏవండీ, ఏం పోయింది?"

"ఇంజను గాస్కెట్. నల్లగా, చిల్లులతో..."

రజిత చేతిలోని గరిటెతోనే గొట్టం వైపు చూపించింది. అతను కిందికి పరుగెత్తేసరికి చెత్తబండి మలుపు తిరుగుతోంది.

అప్పుడైనా వీరాస్వామికి నిజం చెబితే సరిపోయేది. శ్యాంసుందర్ మాత్రం కంప్యూటర్ తెరిచి ఎక్సెల్‌లో పట్టిక వేశాడు. మూడు మందాలకూ భద్రత, మన్నిక వగైరా ఏడు అంశాల్లో మార్కులిస్తే అన్నిటికన్నా మందందే గెలిచింది. వీరాస్వామికి ఫోను చేసి, మార్కుల్లో నెగ్గిన అదే తెస్తాననీ, ఇక పాతదానితో పనిలేదనీ చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నా, గాస్కెట్‌కు మార్కులేసిన మనిషి వీరాస్వామికి తగల్లేదు. తను వచ్చేదాకా ఏదీ కొనొద్దని చెప్పి, అతను ఫోను పెట్టేసి బైకెక్కాడు.

పదిన్నరకు అతను పాసిర్ రిస్‌లో శ్యాంసుందర్ ఇంటి ముందు లిఫ్టు దిగేసరికి, రజిత వాకిట్లో బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. ముగ్గులో కలిసిన ఇంజనాయిలు మరకలైనా కడిగితే కొంత పాపం పోతుందని ఆమె ఆశ.

"పాతది ఎక్కడ సార్?" అన్నాడు వీరాస్వామి.

శ్యాంసుందర్ భార్య వైపు చూశాడు. "నేనే పారేశానండీ," అంది రజిత. "అత్తయ్య కిందినుంచి తెచ్చారనుకున్నాను."

"నాను తేవడమేటి?" అంది లోపలి నుంచి అప్పలమ్మ. "నువ్వు కొన్న ముగ్గచ్చు కాదేటది?"

వీరాస్వామి ఏదో అనబోయి కిందికి చూశాడు. "అక్కా, ఆ నీళ్ళు పొయ్యొద్దు లాహ్," అన్నాడు సింగపూరు యాసలో.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు సిలిండర్లు, బోల్టుల చిల్లులు, నీటిదారులు, అన్నీ బియ్యప్పిండిలో ఉన్నాయి. మొదటి అచ్చు మూలన రెండు చుక్కలు. రెండోదానికీ రెండే. మూడోదానికీ రెండే. నాలుగోదానికి మూడు.

వీరాస్వామి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఆకర్దానికి ఆ మూల బోసిగుందని నానే ఓ చుక్కెట్టినాను," అంది అప్పలమ్మ.

"అయితే రెండే," అని వీరాస్వామి లేచి పిండి దులుపుకున్నాడు. "మీ మార్కుల్లో దీనికెంతొచ్చింది సార్?"

"రైలుకు టైమైంది," అంటూ శ్యాంసుందర్ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

సోమవారం బిర్యానీ వేడిగానే చేరింది. ఆ వారాంతంలో వీరాస్వామి ఒక లారీ పాత గాస్కెట్‌ను శుభ్రంగా కడిగి అప్పలమ్మకు పంపించాడు. ఇప్పుడా వాకిట్లో రోజూ ఆరు సిలిండర్ల ముగ్గు పడుతోంది.