స్వావలంబన సదస్సు, రెండో నంబరు గది

స్త్రీ తన కాళ్ల మీద తాను నిలబడాలంటే ముందు ఆమె చేతిలో ఒక క్యూఆర్ కోడ్ పెట్టాలని కెనడాలోని బ్రాంప్టన్ తెలుగు మహిళా విభాగం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం అధ్యక్షురాలు రూపవతిది. టైపు చేసింది మాత్రం ఆమె ఇంటి బేస్‌మెంట్‌లో మరో ఐదుగురితో కలిసి అద్దెకుంటున్న స్టూడెంట్ ఫెయిత్. (ఆ ఏడాది ఊళ్లో బేస్‌మెంట్ లేని ఇల్లయినా ఉందేమోగానీ, స్టూడెంట్ లేని బేస్‌మెంట్ లేదు.)

స్వాగత ఉపసంఘం, సమోసా ఉపసంఘం, పాస్‌వర్డ్ ఉపసంఘం పుట్టగొడుగుల్లా వెలిశాయి. కమ్యూనిటీ సెంటర్ వారు ఒక్కటే షరతు పెట్టారు. శనివారం మూడింటిలోగా ముప్పైమంది మహిళలు ఎవరికి వారు సెంటర్ యాప్‌లో ఖాతా తెరవాలి. తెరిస్తే రెండో నంబరు గది ఏడాదిపాటు ప్రతి శనివారం మహిళా విభాగానిది. లేకపోతే క్యారమ్స్ అంకుల్స్‌ది. ఆ అంకుల్స్ నాయకుడు యెహెజ్కేలు, రూపవతి భర్త.

"ఆ గదిలో మగాళ్లు అడుగుపెడితే నేను అధ్యక్షురాలినే కాను," అంది రూపవతి. (సమావేశపు మినిట్స్‌లో ఉంది.)

రెండున్నరకు ఆమె పెద్ద తెర ముందు నిలబడి, "నన్ను చూసి చెయ్యండమ్మా, ఆవకాయ కలపడం కన్నా తేలిక," అని మైకులో అభయమిచ్చి, వివరాలు కొట్టి, మీట నొక్కింది. ముప్పైమందీ నొక్కారు. ఫోన్‌కు కోడ్ పంపామని యాప్ చెప్పింది.

గదిలో ఒక్క ఫోనూ పలకలేదు.

ఫోన్ నంబరు అన్నచోట, పెళ్లయిన నాటి నుంచి వేలికి అలవాటైన నంబరునే అందరూ కొట్టారు. కోడ్‌లన్నీ బయట పార్కింగ్‌లో, హీటర్లు వేసుకున్న కార్లలో, భర్తల జేబుల్లో టింగుమన్నాయి.

"ఆంటీ, మీ నంబర్ కొట్టండి," అంది ఫెయిత్ రూపవతితో.

"నా నంబరెంతో? నాకు నేనెప్పుడూ ఫోన్ చేసుకోలేదు కదమ్మా."

ఫెయిత్ మిస్డ్ కాల్ ఇప్పించుకుని నంబరు చెప్పింది. నంబరు మార్చడానికి అనుమతి కోడ్‌ను పాత నంబరుకే పంపామని యాప్ వినయంగా తెలిపింది. (ఫెయిత్ తన ఖాతా నలభై సెకన్లలో తెరిచింది. సభ్యురాలు కాదు కాబట్టి ఆమెను సమోసాల లెక్కలో చూపారు.)

కిటికీ అద్దం అవతల, మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో, మిగతా భర్తలతో పాటు కారు దిగొచ్చిన యెహెజ్కేలు ఫోన్ ఊపుతున్నాడు. "ఏమే, నాలుగు, ఏడు..."

"వినపడట్లేదండీ."

"రూపా, పది నిమిషాలే ఉన్నాయి. లోపలికి పిలుద్దామా? గడ్డకట్టిపోతున్నారు పాపం," అంది ఉపాధ్యక్షురాలు పద్మిని.

రూపవతి గడియారం చూసింది. తన శపథం రాసుకున్న మినిట్స్ పుస్తకం చూసింది. దాన్ని మూసింది. అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిపి, భర్తలను మగాళ్లుగా కాక, 'కోడ్ వాహకులు'గా అనుమతించారు.

మూడింటికి రెండు నిమిషాలుండగా ముప్పయ్యో ఖాతా తెరుచుకుంది. గది దక్కింది. చప్పట్లు కొట్టినవారిలో వాహకులే ఎక్కువ.

అయితే భద్రత దృష్ట్యా యాప్ ప్రతి శనివారం కొత్త కోడ్ అడుగుతుందట. అందుచేత వాహకులు ప్రతి శనివారం వస్తున్నారు. ఊరికే కూర్చోవడం కష్టమని యెహెజ్కేలు బోర్డు తెచ్చుకున్నాడు. ముందు వరుసల్లో రూపవతి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని బోధిస్తుంది. వెనక స్ట్రైకర్ టక్కుమంటుంది. విరామంలో టీ ఆమే ఇస్తుంది.

గది మాత్రం మహిళలదే. తాళంచెవి కూడా రూపవతి చేతికే ఇస్తారు, యెహెజ్కేలు ఫోన్‌కు వచ్చిన కోడ్ చూపిస్తే.