సత్యానికి రిహార్సల్

ఆ సోమవారం ఉదయం తెనాలిలో ఇంటి నుంచి రేపల్లె రైలుకు బయలుదేరుతూ అజయ్ బాబు, "ఇవాళ బాపట్ల నుంచి మా స్కూళ్లన్నిటినీ చూసే ఫాదర్ జాన్ బాబు గారొస్తున్నారు. ఆయన మెచ్చుకుంటే చాలు, జూన్ నుంచి నన్ను మన తెనాలి బ్రాంచికి వేసేస్తారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినొచ్చు" అన్నాడు.

భార్య పద్మజ టిఫిన్ బాక్సు మూత బిగిస్తూ, "మెప్పించడానికి అతిగా ఏం చేయకండి, అంతే చాలు" అంది.

అజయ్ బాబు రేపల్లెలోని సెయింట్ వెరోనికా హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆ ఏడు ఆ కథోలిక స్కూళ్లన్నిటికీ కొత్తగా విద్యా లక్ష్యాలు వచ్చాయి. బడి విడిచి వెళ్లేనాటికి ప్రతి విద్యార్థీ సత్యం పలకాలి, ధైర్యంగా ప్రశ్నించాలి, తోటివారికి సేవ చేయాలి. అంతకుముందు మార్కులు వస్తే సరిపోయేది. ఇప్పుడు మార్కులు కూడా రావాలి. లక్ష్యాలను గేటు పక్క గోడ మీద రంగుల్లో రాయించడం, వాటికి ఎవరూ సైకిళ్లు ఆనించకుండా చూడటం అజయ్ బాబు బాధ్యత. అవి పిల్లలకు ఎంతవరకు అబ్బాయో చూడటానికే ఫాదర్ రాక.

"గోడ మీద బాగానే ఉన్నాయి. మరి పిల్లల్లో సత్యం ఉందని ఆయనకెలా కనిపిస్తుందండీ?" అని హెడ్మిస్ట్రెస్ సిస్టర్ పుష్పలత దిగులుపడ్డారు.

"రిహార్సల్ చేయిస్తాను సిస్టర్" అన్నాడు అజయ్ బాబు.

అతని పథకం తేలికైనదే. ఏ క్లాసుకెళ్లినా హోంవర్కు చేయనిదెవరని ఫాదర్ అడుగుతారు. ఒక పిల్లవాడు లేచి తప్పు ఒప్పుకుంటాడు. ఫాదర్ కరిగిపోతారు. ఈ పాత్రకు తొమ్మిదో తరగతి చివరి బెంచీ దుర్గాశ్రీనివాస్‌ను మించినవాడు లేడు. వాడు ఏనాడూ హోంవర్కు చేసి ఎరుగడు.

"నేను చేశాను సార్!" అన్నాడు దుర్గాశ్రీనివాస్ వెలిగిపోతూ. రాష్ట్ర పటం గీసి, నదులకు నీలం రంగు వేసి, ఊళ్ల పేర్లు రాసుకొచ్చాడు. వాళ్లమ్మ మాణిక్యమ్మ దాన్ని పొద్దున్నే వీధంతా తిప్పి చూపించిందట.

అజయ్ బాబుకు నీరసం వచ్చింది. "పోనీ, చేయలేదని చెప్పరా."

"అబద్ధం కదండీ?"

"సత్యం కోసమేరా!"

మొదటి బెంచీలోంచి సాయి సుధ లేచింది. "సార్, సత్యం కోసం అబద్ధం చెప్తే అది ఏ లక్ష్యం కిందకొస్తుందండి?"

"కూర్చో."

"ప్రశ్నించమని గోడ మీద మీరే రాయించారు కదండీ?"

"ఫాదర్ గారొచ్చాక ప్రశ్నించు!"

అప్పుడు అతనికి ఉపాయం తట్టింది. పటం చింపేస్తే హోంవర్కు ఉండదు. 'నా దగ్గర హోంవర్కు లేదు ఫాదర్' అనడం అబద్ధం కాదు.

"చింపెయ్యరా."

"మీరే చింపండి సార్. నాకు చేతులు రావట్లేదు" అన్నాడు కుర్రాడు పటం చాస్తూ. అజయ్ బాబుకు ఒక్క క్షణం మనసు వెనక్కి లాగింది. మరుక్షణం వేడన్నం గుర్తొచ్చింది. పరపరా చింపేశాడు. ఇంతలో వరండాలో సిస్టర్ మాట వినిపించేసరికి చేతిలో మిగిలిన ముక్కను జేబులో కుక్కుకుని గేటువైపు పరుగెత్తాడు. మిగతా ముక్కలు ఫ్యాను గాలికి బెంచీల కిందికి ఎగిరిపోయాయి.

గేటు దగ్గర ఫాదర్ జాన్ బాబు కారు దిగుతున్నారు. కొడుక్కి క్యారేజీ తెచ్చి, కిటికీలోంచి అంతా చూసిన మాణిక్యమ్మ కూడా అక్కడే ఉంది.

"ఏంటి సారూ! మావాడు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి హోంవర్కు చేస్తే చింపేశారేంటి?"

ఫాదర్ ఆగి చూశారు. అజయ్ బాబు ఇద్దరి మధ్యకు వచ్చాడు. "ఇది... ఇది మా ప్రదర్శనేనండి ఫాదర్. మా దగ్గర తల్లులు కూడా ప్రశ్నిస్తారు."

"అద్భుతం! అయితే మీరు కూడా క్లాసుకు రండమ్మా" అన్నారు ఫాదర్.

"రాక ఎక్కడికి పోతానండీ!" అని మాణిక్యమ్మ అందరికంటే ముందు నడిచింది.

క్లాసులో ఫాదర్ చిరునవ్వుతో, "హోంవర్కు లేనిదెవరికి?" అని అడిగారు. దుర్గాశ్రీనివాస్ లేచాడు. చేతిలో పటం ఉంది. ఈలోగా పిల్లలంతా బెంచీల కింద దూరి ముక్కలేరారు. సాయి సుధ తన బాక్సులోని అన్నం మెతుకులతో అతికించింది. కంగారులో కృష్ణానది సముద్రంలో పుట్టి అనంతపురం వైపు ఎక్కుతోంది. తీరం దగ్గర పెద్ద చిల్లు ఉంది.

ఫాదర్ కళ్లజోడు సవరించుకున్నారు. "బాగుంది. మరి మా బాపట్ల ఏది బాబూ?"

"సార్ జేబులో ఉందండి."

అజయ్ బాబు జేబులోంచి బాపట్లను తీసి బల్ల మీద పెట్టాడు. ఫాదర్ అడిగేకొద్దీ కుర్రాడు జరిగిందంతా చెప్పాడు. సిస్టర్ పుష్పలత కళ్లు మూసుకుని జపమాల పట్టుకున్నారు.

"నన్నైతే ప్రదర్శన అన్నారండి ఈ సారు" అని మాణిక్యమ్మ చేర్చింది.

అజయ్ బాబు తల వంచుకున్నాడు. "తప్పు నాదేరా శ్రీనూ. పటం బాగా గీశావు" అన్నాడు. ఆ మాటకు మాత్రం రిహార్సల్ లేదు.

ఫాదర్ బాపట్ల ముక్కను పటం చిల్లులో పెట్టి చూశారు. తర్వాత సిస్టర్ వైపు తిరిగారు. "తెనాలిలో పిల్లలు లక్ష్యాలు చిలకల్లా అప్పచెప్పారు. ఇక్కడ ఒకడు భయపడకుండా సత్యం చెప్పాడు. ఒకమ్మాయి ప్రశ్నించింది. తోటివాళ్లు తాము తినే అన్నంతో పటం అతికించారు. ఇంతకంటే ఏం కావాలి?"

అజయ్ బాబుకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఫాదర్, నా తెనాలి బదిలీ..."

"అమ్మో, మిమ్మల్ని ఇక్కడి నుంచి కదపకూడదండి! మీరు ఎదురుగా ఉంటేనే పిల్లలకు సత్యం చెప్పాల్సిన అవసరం పడుతుంది. సిస్టర్, వారానికి రెండ్రోజులు మా బాపట్లకు కూడా పంపించండి."

జూన్‌లో స్కూళ్లన్నిటికీ నాలుగో లక్ష్యం వచ్చింది: వినయం. స్టాఫంతటిలో దానికి శిక్షణ అక్కర్లేనివాడు అజయ్ బాబు ఒక్కడే.