కడుపు మందుకు పచ్చ తెర

మినాసె పట్నంలో చట్టం క్షేమంగా ఉందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. స్టేషను ఎదుటి పెద్ద మందుల దుకాణంలో అది పచ్చ తెర రూపంలో వేలాడుతూ ఉంటుంది. తెర వెనక మొదటి తరగతి మందులు, అంటే ముప్పు ఎక్కువని చట్టం లెక్కగట్టినవి, ఉంటాయి. వాటిని ఫార్మసిస్టు మాత్రమే, అదీ కొనేవాళ్లను ఎదురుగా నిలబెట్టి, ఎవరికి, ఎందుకు, వయసెంత అని అడిగి మరీ అమ్మాలి. ఆయనుంటే తెర పైకి, లేకపోతే కిందికి. పక్క అరలోనే బీరు, విస్కీ, షోచు సారా సీసాలు కొలువుతీరి ఉంటాయి. వాటివల్ల ప్రజారోగ్యానికి ఏ ముప్పూ లేదు గనక తెర అక్కర్లేదు.

ఫార్మసిస్టు తోకితా గారు నిప్పులాంటి మనిషి. దొడ్డికెళ్లాలన్నా మేనేజరు ఇవసె గారికి చెప్పి, ఆవిడ తెర దించాకే కాలు కదిపేవారు. ఆయన ప్రశ్నలు పూర్తయ్యేసరికి తలనొప్పితో వచ్చినవాళ్లలో సగం మందికి నొప్పి దానంతటదే తగ్గిపోయేది. తక్కిన సగానికి రెండింతలయ్యేది.

అలాంటి మనిషికి ఓ మధ్యాహ్నం కడుపులో మంట భగ్గుమంది. వారం నుంచీ ఓర్చుకుంటున్నదే, ఆ రోజు పేగులు మెలిపెట్టేసింది. మందేమో వీపు వెనకే ఉంది. చెయ్యి చాచారు.

"ఎవరికండీ అది?" అన్నారు ఇవసె గారు.

"నాకే. కడుపు కాలిపోతోంది."

"అయ్యో పాపం. అయితే మీరు కొనేవారు కదా, కౌంటరు ఇవతలికి రండి."

తోకితా గారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. కడుపు పట్టుకుని ఇవతలికి వచ్చారు. ఆయన ఇవతలికి రాగానే అవతల ఫార్మసిస్టు లేకుండా పోయాడు. ఇవసె గారు ఎంతో బాధపడుతూ తెర దించారు. ఆయన అవతలికి వెళ్లారు, తెర లేచింది, కానీ కొనేవాడు లేడు. ఇలా కాసేపు సాగింది. పోనీ ఇంకో దుకాణానికి వెళ్దామంటే, డ్యూటీలో ఉన్న ఫార్మసిస్టు గడప దాటరాదు.

ప్రధాన కార్యాలయానికి ఫోను చేశారు. నియమపాలన విభాగం పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మీ కడుపునొప్పిని సంస్థ తన కడుపునొప్పిగానే భావిస్తోంది. ఫార్మసిస్టు తనకు తాను అమ్ముకోరాదని చట్టంలో లేదు. అమ్ముకోవచ్చనీ లేదు. ముఖ్యంగా, ఇంతకుముందు ఇలా ఎక్కడా జరగలేదు. జరగనిదాన్ని మనం మొదలుపెట్టడం బాగోదు. గురువారం సమావేశంలో చర్చిద్దాం. అంతవరకూ ఒళ్లు జాగ్రత్త."

ఆ రోజు శుక్రవారం.

పళ్లపేస్టు కొనడానికొచ్చిన కురాతా బామ్మ ఇదంతా చూస్తూనే ఉంది. "ఏం నాయనా, ముసలితనంలో నాకు దాగుడుమూతలు చూపిస్తున్నావా?" అని సంగతి కనుక్కుంది. "ఓస్, దీనికింత రాద్ధాంతమా? నాకమ్ము. కొని నీ చేతిలో పెడతా."

తోకితా గారి కళ్లు చెమర్చాయి. వంగిన నడుము నిటారు చేసి, తన చోట నిలబడ్డారు.

"ఎవరికోసమండీ?"

"నాకే," అంది బామ్మ, కన్నార్పకుండా.

"మంట ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచయ్యా?"

"వారం నుంచి."

"ఆఁ, వారం నుంచి."

"వయసు?"

"ఎనభై మూడు. చూస్తే అలా ఉండను గానీ."

ఆ మందు ఎనభై నిండినవాళ్లకు అమ్మరాదు. తోకితా గారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"డెబ్భై అనకూడదా బామ్మగారూ," అని ఇవసె గారు గొణిగారు.

"నేనెందుకమ్మా అబద్ధమాడ్డం? ఊళ్లో నా ఈడువాళ్లలో కర్ర లేకుండా నడిచేది నేనొక్కదాన్నే."

తోకితా గారు నడుము దాకా వంగి నమస్కరించారు. "క్షమించండి. మీ ఆరోగ్యం దృష్ట్యా అమ్మలేను," అని తన మందును తన చేతుల్తోనే అరలో సర్దేశారు. ఇంతటి నిష్ఠ మనం పురాణాల్లో కూడా అరుదుగా చూస్తాం.

బామ్మ ఊరుకోలేదు. పక్క అరలోంచి పెద్ద షోచు సీసా తీసుకుంది. బిల్లు యంత్రం తెరమీద ప్రశ్న వెలిగింది: మీకు ఇరవై ఏళ్లు నిండాయా? నిండాయని నొక్కింది. యంత్రం నమ్మింది.

"ఇది పడితే ఏ మంటైనా చస్తుంది. తాగి పడుకో," అని సీసా ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

తోకితా గారు పనివేళలో తాగే మనిషి కాదు. దుకాణం మూసేదాకా ఆగారు. అప్పటికి ఊళ్లో తెరలన్నీ దిగిపోయాయి. ఇంటికెళ్లి తాగారు. తెల్లారి నెత్తురు కక్కుకుంటే ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది. గురువారం సమావేశంలో, సదరు ఫార్మసిస్టు డ్యూటీలో లేనందున సమస్యే లేదని తీర్మానించి, ఆయన నియమనిష్ఠకు ప్రశంసాపత్రం పంపారు. దాన్ని పచ్చ తెరకే గుచ్చారు. తెర మాత్రం ఇంకా లేవలేదు.

ఇదంతా చదివి మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నవ్వి నవ్వి కడుపునొప్పి పుడితే, మన వీధి చివరి మెడికల్ షాపుకెళ్లి, "కడుపునొప్పికి ఏదైనా ఇవ్వవోయ్," అంటారు. అతను ఫోనులో మాట్లాడుతూనే ఏదో ఒకటి కత్తిరించి ఇస్తాడు. ఎవరికని అతనడగడు, ఏమిటిదని మీరడగరు. ఇంటికొచ్చి మింగుతారు.