కొనబోయేవారి ఇల్లు

మల్కాపురంలో మా వీధి చివరి ఇల్లు గురునాథరావుగారిది కాదు. స్థలం ఆయన కొన్నారు, ఇల్లు ఆయన కట్టించారు, పన్ను ఆయనే కడుతున్నారు, భార్యాపిల్లలతో అందులోనే కాపురం ఉంటున్నారు. అయినా ఆ ఇల్లు కొనబోయేవారిది. ఈ సంగతి ఆయనే, వచ్చినవారి చేత చెప్పులు గేటు బయట విప్పించి మరీ తెలియజేస్తారు.

కొనబోయేవారు ఎవరన్నది ఇంకా తేలలేదు. స్టీల్ ప్లాంటులో చేరబోయే పెద్ద ఇంజనీరు అయి ఉంటారని ఒక అంచనా. ప్లాంటుకు శంకుస్థాపన జరిగిన ఏడే ఈ ఇంటికీ జరిగింది. ఇల్లు ముందుగా పూర్తయింది. ప్లాంటు వచ్చేదాకా ఇంటి విలువ పైసా తగ్గకుండా కాపాడే బాధ్యతను పోర్టులో గుమస్తాగా ఉన్న గురునాథరావుగారు అదనపు డ్యూటీగా స్వీకరించారు.

"ఇల్లన్నది అమ్మడానికండీ. ఉండడమన్నది మధ్యలో వచ్చిన ఇబ్బంది," అని ఆయన వినాయక చవితి పందిట్లో ప్రసంగించారు. "తక్కువ ఖర్చుతో గృహాభివృద్ధి" అన్నది ఆనాటి అంశం. విఘ్నేశ్వరుడితో సహా అందరం కదలకుండా విన్నాం.

ఆయన చేసిన అభివృద్ధి ఇలా ఉంది. ముందు గదిలో మొజాయిక్ నేల వేయించి, అరిగిపోకుండా దానిమీద గోనెపట్టాలు పరిచారు. గోనె మాయకుండా దానిమీద పాత పేపర్లు పరిచారు. నేల ఆకుపచ్చదని పెద్దపిల్ల, పసుపుదని చిన్నపిల్ల ఇప్పటికీ వాదించుకుంటారు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది గనక కిటికీ గ్రిల్లులు విప్పి, నూనె రాసి, పాత చీరలో చుట్టి మంచం కింద భద్రపరిచారు. దొంగలు రారా అని అడిగితే, "వాళ్ళు కొనేవాళ్ళు కాదు కదండీ," అన్నారు.

వీధి గోడకు ఇత్తడి కుళాయి బిగించారు. దాని వెనక గొట్టం లేదు. కుళాయి ఉందా అని అడుగుతారు గాని నీళ్ళున్నాయా అని ఎవరడుగుతారని ఆయన వాదం. ఎండన పడి వచ్చిన పోస్ట్‌మాన్ ఒకరోజు తిప్పితే అది చేతికి ఊడివచ్చింది. మర్నాటి నుంచి దానికి తాళం వేశారు. తాళం చూశాక, లోపల ఎంత మంచి నీళ్ళున్నాయో అని వీధిలో గౌరవం పెరిగింది.

మా ప్రాంతానికి గాలితో పాటు ఎర్రదుమ్ము కూడా వస్తుంది. తెల్లసున్నం పండక్కి వేస్తే పండగ వెళ్ళేసరికి ఎర్రబడుతుంది. దుమ్ము వేయబోయే రంగును మనమే ముందు వేసేస్తే దుమ్ముకు ఇక పని ఉండదని గురునాథరావుగారు ఇల్లంతా ఎర్రరంగు వేయించారు. ఆయన్ని చూసి వీధంతా వేయించింది. ఏ ఇల్లు ఎవరిదో తెలియక, పక్కింటి వీర్రాజుగారి తోడల్లుడు మా ఇంట్లో కాళ్ళు కడుక్కుని, భోజనానికి కూర్చుని, పులుసు దగ్గర అనుమానం వచ్చి లేచి వెళ్ళాడు.

ఇంత అభివృద్ధిలో ఆయన భార్య రామలక్ష్మమ్మగారు కోరింది ఒకటే: వంటింటికి ఒక కిటికీ. ఆవిడది రంపపు పొట్టు పొయ్యి. వంటింట్లో పొగ పుట్టడమే గాని బయటికి పోవడం ఎరగదు. ఏడాది పొడుగునా ఆవిడకు దగ్గు.

"కొనడానికొచ్చే మగాడు వంటింట్లోకి తొంగిచూస్తాడా? నిక్షేపంలాంటి గోడ. బెజ్జం పెడితే విలువ పడిపోదూ?" అని ఆయన అర్జీని తోసిపుచ్చారు. విలువ పడిపోలేదు. దగ్గు కూడా తగ్గలేదు.

చివరికి ఒక శుక్రవారం బేరం వచ్చింది. వచ్చింది ఇంజనీరు కాదు, సబ్బవరం నుంచి అప్పలసూరి. పొలం కొత్త కాలనీ వాళ్ళకు అమ్మి, పట్నంలో ఇల్లు చూస్తున్నాడు. భార్య వరహాలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. గోనెపట్టాలు లేచాయి. గ్రిల్లులు మంచం కింది నుంచి కిటికీలకు బదిలీ అయ్యాయి. పిల్లల్ని వీర్రాజుగారింటికి పంపారు. మంచి ఇరుగుపొరుగు వల్ల ధర పెరుగుతుంది గనక నన్ను తెచ్చి కూర్చోబెట్టారు. తలంటుకుని జుట్టయినా ఆరని రామలక్ష్మమ్మగారికి, వంటింటి తలుపు మూసుకుని కాఫీ కాచాలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ దగ్గకూడదనీ ఉత్తర్వులు జారీ అయ్యాయి.

వరహాలమ్మ గది మధ్య నిలబడి నాలుగు గోడలూ చూసింది. "మేకు నేదు, మరక నేదు, దేవుడి పటం నేదు. ఈ ఇంట్ల మనుసులుంతన్నారా మావా?"

"పట్నపోళ్ళు అలగే ఉంతారే. నువ్వూరుకో," అన్నాడు అప్పలసూరి.

"డాబా మీంచి సముద్రం కనబడుతుందండీ. రండి," అని గురునాథరావుగారు అతన్ని పైకి తీసుకెళ్ళారు.

వరహాలమ్మ మాత్రం నేరుగా వెళ్ళి వంటింటి తలుపు తోసింది. ముందు పొగ వచ్చింది. పొగలోంచి జుట్టు విరబోసుకుని, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని, మసిముఖంతో, దగ్గు ఆపడానికి పెదవులు బిగించి, మాటా పలుకూ లేకుండా రామలక్ష్మమ్మగారు వచ్చారు. ఒక గ్లాసు ముందుకు చాపారు.

"ఓలమ్మో! దెయ్యం! కాపీ కూడా ఇత్తంది!"

మరుక్షణం వరహాలమ్మ వీధిలో ఉంది. "మావో! బేగి దిగొచ్చీ!" అన్న కేక విని అప్పలసూరి మెట్ల మీద నుంచి దూకినంత పని చేశాడు. వీధి గోడ దగ్గర పడబోతూ ఆధారానికి కుళాయి పట్టుకున్నాడు. అది తాళంతో సహా అతని వెంట వెళ్ళింది.

గురునాథరావుగారు దిగివచ్చేసరికి గేటు ఊగుతోంది. "ఏమైందండీ? ఎందుకలా వెళ్ళిపోయారు?"

రామలక్ష్మమ్మగారు ముందు బాకీపడ్డ దగ్గంతా దగ్గారు. తరవాత పైటచెంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అన్నారు: "వంటింటికి కిటికీ లేదటండీ. ఉంటే అడిగినంతా ఇచ్చేవారట."

ఆయన నా వైపు చూశారు.

"గేటు దగ్గర కూడా అదే అనుకుంటూ వెళ్ళారు," అన్నాను.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. వారం తిరక్కుండా కిటికీ వచ్చింది, పొగ పోయింది, దగ్గు పోయింది. "ఈ ఆలోచన నాకు మొదట్నించీ ఉందండీ," అని గురునాథరావుగారు మరుసటి చవితికి ప్రసంగించారు. ఆడవాళ్ళం చప్పట్లు కొట్టాం.

ఆ తరవాత మా వీధికి కొనేవారి రాక ఎక్కువైంది. వాళ్ళెప్పుడూ మగవాళ్ళు డ్యూటీలో ఉన్న వేళే వస్తారు. వీర్రాజుగారి భార్య కాంతానికి ఒకాయన వంటగట్టు లేదని చెప్పి వెళ్ళాడు. గౌరీశ్వరిగారి ఇంట్లో బట్టలుతికే చోట నీడ లేదని ఒకావిడ పెదవి విరిచింది. గట్టు వచ్చింది, రేకు వచ్చింది. ఇంట్లో ఉండే మనిషి కోసం అని వచ్చిన వస్తువు మాత్రం ఒక్కటీ లేదు.

"నిజంగానే ఎవరైనా కొంటామంటే ఏం చేస్తారు?" అని మొన్న రామలక్ష్మమ్మగారిని అడిగాను.

"ఏముందండీ, కిటికీ మూసేసి, జుట్టు విప్పుకుని కాఫీ ఇస్తాను," అన్నారు.

కాబట్టి మా వీధిలో ఇల్లు కొనదలచిన పెద్దమనుషులకు మనవి. తప్పకుండా రండి. బయలుదేరే ముందు మీ వంటింట్లో ఒక్క అయిదు నిమిషాలు, పొయ్యి వెలుగుతున్నప్పుడు నిలబడి రండి. మీకు కాఫీ సిద్ధంగా ఉంటుంది.