నల్లా తెచ్చిన యాసిడ్

కాలేజీ ల్యాబుల్లో ఏడాదికి ఒక ప్రమాదమైనా జరగాలి. పాఠకులు కోప్పడకండి. సిద్దిపేటలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న అనుభవంతో అంటున్నాను. ప్రమాదాన్ని మించిన సేఫ్టీ ఆఫీసర్ లేడు.

మా ల్యాబులో నల్లా ఉంది. నీళ్లు మాత్రం రావు. బాగు చేయించమని ఎన్నో దరఖాస్తులు రాశాను. కరస్పాండెంట్ దామోదర్ గారు ప్రతిదీ శ్రద్ధగా చదివి, ఒకటే అడిగేవారు.

"ఇన్నేండ్లల్ల ఎవలికన్న ఏమన్న అయిందా సార్?"

కాలేదు. ఎవరికీ ఏమీ కాకుండా చూసుకోవడం నా తప్పే కదా?

ఆ తప్పును ఈ 1992 మార్చిలో మా అటెండర్ జానీ పాషా సరిదిద్దాడు.

మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పలుచన చేయాలి. నీళ్లు నిండుగా తీసుకుని, అందులోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా వంచాలి. ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్న పనే. కానీ బోరింగు నుంచి మోసుకొచ్చిన నీళ్లన్నీ గాజు సామాను కడగడానికే అయిపోయాయి. మగ్గు అడుగున కాసిని మిగిలితే, అవే చాలనుకుని యాసిడ్‌లో గుమ్మరించాడు. అది బుస్సున మరిగి, చిమ్మి, అతని కుడిచేతి మీద పడింది.

"యా అల్లా, మండుతుంది సార్" అన్నాడు.

నేనేం చేశానంటారా? పుస్తకం తెరిచి ప్రథమ చికిత్స ఏ పేజీలో ఉందో వెతికాను.

పక్క గదిలోని బోటనీ లెక్చరర్ సులోచన పరుగెత్తుకొచ్చింది. నల్లా తిప్పితే గాలి వచ్చింది. పాషాను ఆఫీసు గదికి లాక్కుపోయింది. అక్కడ మర్నాడు రాబోయే ఎగ్జామినర్ గారి కోసం రెండు కొత్త కుండల్లో నీళ్లు చల్లబడుతున్నాయి.

"మేడం, గవి గెస్టులకు" అంటూ గుమస్తా రాజమల్లయ్య అడ్డం వచ్చాడు.

"గెస్టులకు దూపయితది. ఈయనకు చెయ్యి పోతది. జరుగు."

రెండు కుండలూ ఆ చేతి మీద ఖాళీ చేసింది. ఆలోగా పిల్లలు బోరింగు దగ్గర వరుస కట్టి బకెట్లు అందించారు. ఇరవై నిమిషాలు ధార ఆగలేదు. వెంటనే నీళ్లు పోయడం వల్లనే చెయ్యి దక్కిందని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజ్‌మెంటు స్పందించింది. అనుమతి లేకుండా గెస్టుల నీళ్లు వాడినందుకు సులోచనకు మెమో ఇచ్చింది.

ఆమె సంజాయిషీ ఒక్క వాక్యం: "నల్లాలో నీళ్లు వచ్చేదాకా గెస్టుల నీళ్లే వాడతాను." కింద నేనూ సంతకం చేశాను.

అదే రోజు ఎగ్జామినర్ గారు పాషా చేతి కట్టు చూసి సంగతి అడిగారు. విని, పరీక్షా కేంద్రం రద్దు చేయమని బోర్డుకు రాస్తానన్నారు. సాయంత్రానికల్లా ల్యాబులో నల్లా ధారగా పారింది. పదేళ్ల దరఖాస్తులు చేయలేని పని ఒక్క చెయ్యి చేసింది!

ఇప్పుడు మాకు రేటు తెలిసింది. విషవాయువులు బయటికి పోవడానికి ఫ్యాను కావాలంటే ఎవరో ఒకరు స్పృహ తప్పాలి. రక్షణ కళ్లద్దాలు కావాలంటే ఒక కన్ను చాలేమో. స్టాఫ్ మీటింగులో ఈ ప్రతిపాదన పెట్టి, ముందుకొచ్చేవారి పేర్లు అడిగాను. అందరూ టీ కోసం కేకేశారు.

టీ ఇవ్వడానికి వచ్చిన పాషా కట్టు సర్దుకుంటూ అన్నాడు:

"నా వంతు అయిపోయింది సార్. ఫ్యాన్ సంగతి ఇగ మీరు చూసుకోన్రి."