బాలానగర్ వాల్వు, హైటెక్ సిటీ కమిటీ

కోల్డ్ స్టోరేజీని చల్లగా ఉంచడానికి కంప్రెసర్లు దేనికండీ? ఒక కమిటీ వేస్తే చాలు! ఎంత వేడి సమస్యైనా ఏడాది తిరిగేసరికి గడ్డకట్టుకుపోతుంది.

నమ్మరా? బాలానగర్ లింగయ్యనడగండి. ఇరవై ఏళ్లుగా కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా యంత్రాలు నడుపుతున్న మనిషి. ఒక వాల్వు సన్నగా లీకవుతోంది, మార్చండని పైవాళ్లకు అర్జీ పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే హైటెక్ సిటీ హెడ్డాఫీసులో భూమాత మీద ప్రేమ పొంగింది. ఇక అన్నిచోట్లా చల్లదనానికి ప్రకృతికి హాని చేయని గ్యాసే వాడాలట. అమ్మోనియానా, కార్బన్ డయాక్సైడా, ప్రొపేనా? తేల్చడానికి ఉదయ్ భాస్కర్ గారి అధ్యక్షతన కమిటీ పడింది. తేలేదాకా పాత యంత్రాలకు మరమ్మతులు బంద్. ఎంత ముందుచూపు!

కమిటీ పెద్దలు పదహారు డిగ్రీల ఏసీలో స్వెట్టర్లు తొడుక్కుని భూతాపం గురించి బాధపడ్డారు. అమ్మోనియా ఎలా పనిచేస్తుందో చూడటానికి మూడు దేశాలు తిరిగొచ్చారు. బాలానగర్ మాత్రం ఎవరికీ తట్టలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

ఇక్కడ లింగయ్య రోజూ గంధకం వత్తి వెలిగించి వాల్వు దగ్గర పెట్టేవాడు. అమ్మోనియా తగిలి లేచే తెల్లటి పొగ చిక్కబడితే లీకు పెరిగినట్టు. బోల్టులు బిగించేవాడు. లోపల బస్తాలు మోసే నలభై మందిని తలచుకుని ఇంకో చుట్టు బిగించేవాడు.

ఎట్టకేలకు కమిటీ తనిఖీకి వచ్చింది. అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డ క్షణాన వాల్వు ఇక తన వల్ల కాదంది. పెద్దలంతా గాలి వాలునే పరుగెత్తారు. ఘాటు కూడా మర్యాదగా గేటుదాకా సాగనంపింది.

"గాలికి ఎదురు ఉరుకుండ్రి సార్" అని కేకేసి, లింగయ్య తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికెళ్లాడు. కూలీలను బయటికి తోలి, మెయిన్ లైన్ బంద్ చేసి వచ్చాడు.

ఉదయ్ భాస్కర్ గారు కళ్లు తుడుచుకుంటూ తేల్చేశారు. "అమ్మోనియా వద్దండి. కార్బన్ డయాక్సైడ్ పెట్టేద్దాం. దానికి వాసనే ఉండదు."

లింగయ్య దగ్గుతూనే అడిగాడు. "వాసనే రాకుంటే, లీకైందని మాకెట్ల తెలుస్తది సార్?"

ఏ సెన్సర్ పెట్టాలో తేల్చడానికి సబ్ కమిటీ వేశారు. ఏడాది పడుతుంది. అందాకా అమ్మోనియానే.

"మరి వాల్వు సార్?"

"మారుద్దామండి, ముందు అది తేలనివ్వండి."

కమిటీలు పని చేయవనే నోళ్లకు ఒక్క మాట. ఆ సాయంత్రమే తొమ్మిది గ్యాస్ మాస్కులు కొన్నారు. కమిటీలో ఉన్నది తొమ్మిది మందే కదా!

లింగయ్య తువ్వాలు పిండి ఆరేసుకున్నాడు.